సీసా మెడకి కట్టిన పేలిక

ఆదివారం చర్చి నుంచి రాగానే ఆ ఇంట్లో ఉడికించిన కర్రపెండలాన్ని ఫుఫూ ముద్దగా దంచి తీరాలి. పొడి ఫుఫూ ప్యాకెట్లలో దొరుకుతుంది, వేడినీళ్లలో కలుపుకుంటే చాలు. కానీ అది ఎబోకి గొంతు దిగదు. "అది జిగురు, తిండి కాదు," అంటాడు సోఫాలో కాళ్లు బారజాపుకుని. అందుకని అతని భార్య అరబా నిలబడి రోకలి వేస్తుంది. అరబా తల్లి ఎఫువా రోటి పక్కన పీట వేసుకుని, రోకలి పైకి లేచినప్పుడల్లా చెయ్యి పెట్టి కర్రపెండలం ముద్దని తిప్పుతుంది. అరవై ఏడేళ్ల మనిషి, తలెత్తి చూడను కూడా చూడదు. కూతురి రోకలి కింద చెయ్యి పెట్టి పక్కింటి కబుర్లు చెబుతూ ఉంటుంది.

ఆ వేళ రోకలి రెండుసార్లు పక్కకి పడింది.

"ఏమే, నా వేళ్లు కూడా పులుసులో వేస్తావా?" అంది ఎఫువా. "నాలుగింటికి నీ నాటకం ఉందని నీ మనసు ఇక్కడ లేదు. పోనీ నేను దంచుతా, నువ్వు తిప్పు."

"వద్దమ్మా," అంది అరబా. ఇవాళ ఆవిడ చేత ఇంకో పని చేయించుకోవడానికి అరబాకి మొహం చెల్లలేదు.

అక్రాలో ఒక టీవీ చానెల్‌కి అరబా కథలు రాస్తుంది. ఇప్పుడు వస్తున్నది ఆరు వారాల ధారావాహిక. వారానికో కథ, వారానికో ఆడమనిషి ప్రేమ, ఒక్కొక్కరిదీ ఒక్కో వయసు. పద్దెనిమిదేళ్ల పిల్లతో మొదలై ఇవాళ అరవై ఏడేళ్లావిడతో ముగుస్తుంది. ఎఫువా ఒక్క వారం కూడా మానకుండా చూసింది. నలభై నాలుగేళ్లావిడ కథ చూసి, "ఆ మొగుణ్ణి ఇంకా భరించడమెందుకే, పెట్టె సర్దుకోమని రాయకపోయావా," అని తగువు కూడా పెట్టుకుంది. ఇవాళ్టిది ఎవరి కథో ఆవిడకి తెలీదు.

తొమ్మిదేళ్ల కిందట ఎఫువా సాల్ట్‌పాండ్‌లో బట్టలు కుట్టేది. భర్త పోయి అప్పటికి నాలుగేళ్లు. బెంట్సిల్ అనే ఆయన కుట్టుమిషన్లు బాగు చేసేవాడు. ఊళ్లో ఎవరి మిషనూ ఎఫువా మిషనంత తరచుగా పాడయ్యేది కాదు. అరబాకి మూడో కాన్పులో అబా పుట్టినప్పుడు ఎఫువా మూడు నెలలకని అక్రా వచ్చింది. ఒకరోజు పసిపిల్లకి నూనె రాస్తూ, "నవ్వనంటే ఒకటి చెబుతా. బెంట్సిల్ నన్ను అడగడానికి మనుషుల్ని పంపుతానంటున్నాడే," అంది. అరబా నవ్వింది. "ఈ వయసులోనా అమ్మా!" అంది. ఎఫువా కూడా నవ్వేసి పిల్లకి గుడ్డ చుట్టింది.

అన్నట్టే వాళ్లు వచ్చారు. బెంట్సిల్ అక్కగారు, మాట చెప్పడానికి ఒక పెద్దాయన. ఆ జనంలో పిల్లనడగడమంటే సారా సీసాలు పట్టుకెళ్లి తలుపు తట్టడమే. సీసాలు లోపలికి వెళితే సరేనన్నట్టు. వెనక్కి వస్తే ఇక ఆ మాట ఎవరూ ఎత్తకూడదు, అడిగినవాడూ కారణం అడక్కూడదు. ముందు కూతురి చెవిన వేసి, తరవాత ఊళ్లో ఇంటిపెద్దయిన అరబా మేనమామ దగ్గరికి వెళదామని మర్యాదగా వచ్చారు పాపం. ఎఫువా ఇంట్లో లేదు. అబాకి టీకా వేయించడానికి వెళ్లింది.

గుమ్మంలో నిలబడ్డ అరబాకి పది రోజుల్లో సెలవు అయిపోతుంది. "మీ అమ్మ వెళ్లిపోతే నువ్వు ఉద్యోగం మానెయ్యి, అంతే. పిల్లల్ని పరాయివాళ్ల చేతిలో పెట్టడం మా ఇంటా వంటా లేదు," అని ఎబో ఆ వారంలో మూడుసార్లు అన్నాడు. అతనితో పోట్లాడే ధైర్యం ఆమెకి లేకపోయింది. గుమ్మంలో నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్లకి అబద్ధం చెప్పే ధైర్యం మాత్రం వచ్చింది. "అమ్మకి ఇష్టం లేదు. మామయ్య దాకా వెళ్లి ఆవిణ్ణి చిన్నబుచ్చకండి," అని రెండు సీసాలూ వాళ్ల చేతికే తిరిగిచ్చింది. సీసాల మెడకి పేలికలు కట్టి ఉన్నాయి. నూతినీళ్లు అని పిలిచే గుడ్డ, గుండ్రంగా చుక్కలు చుక్కలుగా ఉంటుంది. అంచున ఎర్రదారంతో సన్నటి కుట్టు. ఆ పేలికలు అరబా కళ్లలో ఉండిపోయాయి.

మూడు నెలలు తొమ్మిదేళ్లయ్యాయి. ముగ్గురు పిల్లల స్నానాలు, బడి బట్టలు, మిరపకాయలు నూరడం, ఎబో చొక్కాలు. అరబా ఆఫీసులో పైకి వచ్చింది. ఆవిడ మిషన్ సాల్ట్‌పాండ్‌లో తుప్పు పట్టింది.

నిరుడు ఆఫీసులో ఆరో కథ దగ్గర అందరూ ఆగిపోయారు. "అరవై ఏడులో ప్రేమేంటి, మోకాళ్లనొప్పులుంటాయి గానీ," అని మగవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఎక్కడిదో అరబాకి తెలుసు. తనదే. సిగ్గుతో నోరు తెరిచింది. తెరిచాక ఆగలేదు, కుట్టుమిషన్లాయన కథంతా చెప్పేసింది. చివర మాత్రం మార్చింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఆ కథ ఆమెకే ఇచ్చారు. అమ్మ పని వాడుకుంది, అమ్మ ముచ్చట చెడగొట్టింది, ఇప్పుడు దాన్నే అమ్ముకుని పేరు తెచ్చుకుంది. రాస్తున్నన్నాళ్లూ చెప్పేద్దామనుకుంటూనే వాయిదా వేసింది. చూసి అమ్మ తనంతట తనే పోల్చుకుంటే బాగుండునని ఒక క్షణం, పోల్చుకోకపోతే బాగుండునని మరో క్షణం.

నాలుగింటికి అందరూ పళ్లేలతో టీవీ ముందు చేరారు. మిషన్లాయన మొదటిసారి కనబడగానే ఎఫువా చిన్నగా నవ్వుకుంది. "ఇలాంటివాణ్ణి నేనూ ఎరుగుదును," అంది మనవరాలితో. తరవాత తలుపు తట్టారు. నాటకంలోని కూతురు తలుపు తీసింది, సీసాలు అందుకుని, "అమ్మా, నీకోసం వచ్చారు," అని లోపలికి కేకేసింది. తొమ్మిదేళ్ల కిందట అరబా అనాల్సిన మాట.

"బాగానే ఉంది సరసం. మరి మనవల్ని ఎవరు చూస్తారట?" అన్నాడు ఎబో.

సీసాలు తెరమీద దగ్గరగా కనబడ్డాయి. ఫుఫూ తుంచబోయిన ఎఫువా చెయ్యి పులుసులో ఆగిపోయింది. నాటకం అయ్యేదాకా ఆవిడ కదల్లేదు, తినలేదు. లేచి చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్లింది. అరబా వెనకే వెళ్లింది.

"ఆ పేలిక సంగతి నీకెవరు చెప్పారు?"

"ఊరికే రాశానమ్మా."

"ఎర్రదారం కూడా ఊరికే రాశావా? అది నేను కుట్టిచ్చానే. వచ్చే రోజు సీసాకి కట్టించు, వాళ్లు నోరు విప్పకముందే నీ మనుషులని నాకు తెలియాలి అన్నాను. ఆయనకీ నాకూ తప్ప ఆ మాట మూడో మనిషికి తెలీదు."

రాసుకునే మనిషి కదా, అరబా నాలిక చివర నాలుగైదు అబద్ధాలు సిద్ధంగానే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"వచ్చారమ్మా. నువ్వు అబాని టీకాకి తీసుకెళ్లిన రోజు. నీకు ఇష్టం లేదని చెప్పి నేనే పంపేశాను. నువ్వు వెళ్లిపోతే ఎలాగా అని..."

"నేను తిరిగొచ్చి అడిగాను. ఎవరైనా వచ్చారా అని."

"అడిగావు."

"మంచినీళ్ల పొట్లాల బండి వచ్చిందన్నావు."

అరబా ఏడ్చింది. ఎఫువా ఏడవలేదు. గిన్నెమీద మూత సరిగా పెట్టింది.

"తొమ్మిదేళ్లు ఆయన్ని తిట్టుకున్నానే. ఆశపెట్టి రాలేదని. నేనే వెళ్లి అడగడానికి రోషం అడ్డొచ్చింది. తరవాత ప్రార్థనలో క్షమించాను కూడా. ఏ తప్పూ చెయ్యని మనిషిని మోకాళ్లమీద కూర్చుని క్షమించాను." తడి చెయ్యి గుడ్డకి తుడుచుకుంది. "ఉన్నాడా?"

"ఉన్నాడు. పోయిన ఈస్టర్‌కి ఊరెళ్లినప్పుడు కొట్టు తెరిచే ఉంది. నేను తల తిప్పుకుని వచ్చేశాను. పెళ్లి చేసుకున్నాడో లేదో తెలీదు."

"చేసుకుంటే చేసుకోనీ. నేను వద్దనలేదని ఆయనకి తెలియాలి. బీరువా మీద నా బ్యాగు దించు."

అరబా దించింది. ఎఫువా నాలుగు గుడ్డలు మడిచి పెట్టుకుంది. అరబా ఆ బ్యాగు అందుకుని ముందు నడిచింది. సంగతేమిటో ఎబోకి ఇంకా అంతుపట్టలేదు. "ఇప్పుడెక్కడికి అత్తయ్యా? రేపు పిల్లల్ని బడినుంచి ఎవరు తెస్తారు?" అన్నాడు.

"నువ్వు," అంది అరబా. ఆ ఒక్క మాట తొమ్మిదేళ్ల కిందట ఎందుకు రాలేదో ఆమెకే తెలీదు. ఆమె అతని వైపు తిరగలేదు.

"నేనూ వస్తానమ్మా. బస్సు దిగగానే నేనే ముందెళ్లి ఆయన కాళ్లు పట్టుకుంటాను. జరిగిందంతా నేనే చెబుతాను. నువ్వు వెనకాల..."

ఎఫువా కూతురి మొహం వంక నిదానంగా చూసింది. కోపంగా కాదు.

"వద్దు తల్లీ. ఈసారి తలుపు దగ్గర నువ్వు నిలబడకు."

అప్పుడు చూసుకుంది అరబా. బ్యాగు చేత్తో పట్టుకుని తను వీధి గుమ్మానికి సరిగ్గా అడ్డంగా నిలబడి ఉంది. బ్యాగు తల్లికి అందించి పక్కకి జరిగింది.