మూర్తి పథ్యం

గుండెపోటు వచ్చాక మా తమ్ముడు మూర్తి పథ్యమంటూ జావ తప్ప ఏదీ ముట్టలేదు. ప్యాంట్లు వదులైతే, "కొవ్వు కరుగుతోందక్కా!" అని మురిసిపోయాడు.

నిన్న విజయవాడలో డాక్టరుగారు మందలించారు. "కరిగింది కండండీ. ఈ నీరసంలో బైపాస్ చేస్తే తట్టుకోలేరు. ముందు పప్పు, పెరుగు, గుడ్లు పెట్టి ఒంటికి సత్తువ తెప్పించండి."

పప్పన్నం రెండు ముద్దలకే వాడికి వెగటేసింది. ఇద్దరు తమ్ముళ్లను ఇప్పటికే కాటికి సాగనంపాను. పొరుగింటి భానుశ్రీని అడిగి గుడ్డు తెచ్చి ఉడకబెట్టాను.

"మనింట్లో గుడ్డేమిటక్కా? చచ్చినా తినను."

పుట్టి బుద్ధెరిగి ముట్టనిదాన్ని, నేనే ముందు కొరికి మింగాను.

"నేను తిన్నాను కదరా. నువ్వూ వెళ్లిపోతే నేనెవర్ని తమ్ముడూ అని పిలవను?"

వాడు ఏడుస్తూ నోరు తెరిచాడు. తిన్నది తిన్నట్టే బయటికొచ్చింది. మిగిలిన ముక్క పట్టుకుని, మళ్లీ నోరు తెరవమని బతిమాలుతున్నాను.