పిశాచి కాజేసిన నోరు

ప్రతి ఆదివారం పొద్దున్నే ముగ్గురు స్నేహితులు కర్నూలు నుంచి బండ్ల మీద బయలుదేరి, ఓర్వకల్లు రాళ్ల నీడన చేరి వేషాల ఆట ఆడేవారు. మారెన్న కథ నడిపిస్తాడు. తక్కిన ఇద్దరూ ఆ కథలో చెరో వేషం కడతారు. ఏ పనికి తెగించినా పాచిక వేయాలి. వేషానికున్న విద్యను బట్టి అది పారుతుంది, లేదా బెడిసికొడుతుంది.

యామినిది రక్తపిశాచి వేషం. పేరుకే పిశాచి, కోడిపిల్ల కూడా బెదరదు. భూపేష్‌ది దొంగ వేషం. ఆ దొంగకు మాటకారితనమే విద్య. కోట కావలివాళ్లను మాటలతోనే కరిగించేవాడు. యామిని నోరు తెరిచేలోపే కథంతా వాడిదైపోయేది.

"నువ్వు గబ్బిలం మాదిరి ఆ మూలన యాలాడుతుండుమే," అని నవ్వేవాడు భూపేష్.

ఒక ఆదివారం ఆ మాట యామినికి ముల్లులా గుచ్చుకుంది.

"మారెన్నా, పిశాచికి విద్యలు ఎట్లొస్తాయి?"

"దొంగిలిస్తే వస్తాయి," అని మారెన్న క్షుద్రపూజ విధానం చెప్పాడు. పిలవగానే వచ్చినవాణ్ణి నిద్రపుచ్చి, వాడి నెత్తుటి చుక్కను నల్లదీపం ముందర తాగాలి.

మరుసటి ఆదివారం పిశాచి దొంగను విందుకు పిలిచింది. రాగిసంకటి, నాటుకోడి పులుసు అనేసరికి పొద్దున ఏమీ తినని భూపేష్ వెనకాముందూ చూడలేదు.

"ఇదో, వస్తాండా!"

తిన్న దొంగ గుర్రుపెట్టాడు. పిశాచి తుమ్మముల్లుతో వాడి బొటనవేలు గుచ్చి, దీపం వెలిగించి, చుక్క చప్పరించింది. యామిని పాచిక వేసింది. పారింది!

"దొంగ నోరు పడిపోయింది," అన్నాడు మారెన్న. "భూపేషూ, ఇంక ఆటలో నువ్వు ఒక్కో మాటే మాట్లాడాల."

"ఇది యాడి న్యాయం మారెన్నా, నేను నిద్రలో..."

"ఒక్క మాట!"

"అన్యాయం!"

యామిని పిశాచి నేరుగా రాజసభకు పోయింది. మాటలు తేనెలా జారుతుంటే రాజు సింహాసనం అంచుకు జరిగి విన్నాడు. అయితే మారెన్న ఒక సంగతి దాచాడు. దొంగిలించిన విద్యతో పాటు దాని తెగులూ వస్తుంది. దొంగ తెగులు గొప్పలు చెప్పుకోవడం.

"ఎవరి బిడ్డవమ్మా నువ్వు?" అని రాజు అడిగాడు. ఈసారి పాచిక బెడిసికొట్టింది.

"రక్తపిశాచిని! మీ మెడ శానా ముచ్చటగా ఉండాది సామీ!" అనక తప్పలేదు యామినికి.

కత్తులన్నీ ఒరలు దాటాయి. రాజు, పిశాచి వెంట సభకు వచ్చిన దొంగ వైపు తిరిగి, "ఈమె ఎవరో నీకు తెలుసా?" అన్నాడు.

యామిని చేతులు జోడించి భూపేష్ వైపు చూసింది. వాడు గడ్డం గోక్కున్నాడు. ఆకాశం చూశాడు. ఆమెకు చెమటలు పట్టేదాకా ఆగి, నిదానంగా అన్నాడు.

"పిచ్చిది."

రాజు అయ్యో పాపమన్నాడు. భటులు వేపమండలతో దిష్టి తీసి కోట బయటికి సాగనంపారు. యామినికి ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వు ఆగలేదు. బతికించిందీ వాడే, పరువు తీసిందీ వాడే.

రాళ్లు కాలడం మొదలయ్యాక ముగ్గురూ లేచారు. దారిలో టీ కొట్టు దగ్గర ఆగగానే భూపేష్ అందుకున్నాడు. ఆటలో కట్టేసిన మాటలన్నీ ఒక్కసారిగా బయటపడ్డాయి. చేతులు తిప్పుతూ, కళ్లు మూసుకుని చెబుతూనే ఉన్నాడు. యామిని అడ్డు చెప్పలేదు. తన టీ తాగి, వాడు చూసుకునేలోపే వాడి గ్లాసూ ఖాళీ చేసింది.