రాసేటిదా, చూసేటిదా

“ఇంట్ల అందరికి పనికొచ్చేదే తీస్కుందాం” అన్నాడు మంగేశ్, జొన్నరొట్టె ముక్క పప్పులో ముంచుకుంటూ. “పెద్ద స్క్రీనున్న ట్యాబ్. మన స్నేహల్‌కు క్లాసులకైతది. అమ్మ కీర్తనలు చూసుకుంటది. నీ రాతపని గూడ అండ్లనే చేస్కోవచ్చు.”

ఆ ‘గూడ’ దగ్గర అతని భార్య చంద్రకళ చేతిలో పిండిముద్ద ఒక్క క్షణం ఆగింది. కొనాలన్నది ఆమె. కొనేది ఆమె పని కోసం. పైసలు ఆమె జీతంలోంచి పక్కన పెట్టినవి. అయినా ఆ మాటల వరుసలో ఆమె పని చిట్టచివర, ఒక ‘గూడ’ పట్టుకుని నిలబడింది. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లో ఆమె వంతు ఎప్పుడూ అట్లాగే వస్తుంది. అందరూ తిన్నాక ఆమె గూడ తింటుంది. అందరూ కూర్చున్నాక జాగా మిగిలితే ఆమె గూడ కూర్చుంటుంది. ఎవరూ తిట్టరు, కొట్టరు. అందుకే దాన్ని ఏమని చెప్పుకోవాలో కూడా ఆమెకు ఇన్నాళ్లూ తెలియలేదు. రొట్టె తట్టి పెనం మీద వేసింది.

చంద్రకళ పుట్టింది దెగ్లూర్ దగ్గర, తెలంగాణ హద్దుకు ఆనుకున్న పల్లెలో. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ. నాందేడ్‌కు కోడలై వచ్చాక ఆ మూడు భాషలనూ ఎవరూ చదువు కింద జమకట్టలేదు. మూడేళ్ల కిందట, కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసే ఒక సంస్థలో సులభాతాయి అనే వకీలమ్మ మాత్రం వాటి కోసమే ఆమెను పనిలోకి తీసుకుంది. హద్దు పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు తమ బాధ తెలుగులో చెప్తారు. చంద్రకళ విని, గబగబా రాసుకుని, మరాఠీలో వాళ్ల జబాబు, అంటే వాంగ్మూలం, తయారుచేయాలి. ఆ జబాబే పోలీసుల దగ్గరికి, కోర్టుకు పోతుంది.

“ఆడోళ్ల ఏడుపులు రాసుడు గూడ ఒక నౌకరేనా?” అన్నాడు మంగేశ్ మొదటి రోజున. అతను ఒక కాలేజీలో క్లర్కు. అత్త ముత్తెమ్మ, “ఇంటి పని ఒడిసినంక ఏమన్న చేస్కో, నాకేంది” అంది. ఇంటి పని ఎన్నడూ ఒడవదని ముత్తెమ్మకు తెలియంది కాదు. డెబ్బై ఏళ్లలో ఆమెకూ అది ఒక్కనాడూ ఒడవలేదు.

ఆఫీసులో వచ్చేవాళ్లు ఎక్కువ, కుర్చీలు తక్కువ. అందుకని చంద్రకళ నోట్‌బుక్కులు ఇంటికి తెచ్చుకుని, గ్యాస్ గట్టు మీదే సాఫు చేసి రాసేది. కుక్కర్ మూడు కూతలు కూసేలోపు సగం పేజీ. పాలు పొంగేలోపు నాలుగు వరుసలు. ఒక్కోసారి ఎవరి విరిగిన చెయ్యి గురించో రాస్తూ తన చెయ్యి కాల్చుకునేది. అవి ఎక్కడ కూర్చుని రాస్తున్నావని సులభాతాయి కూడా ఎన్నడూ అడగలేదు. పని వేళకు అందేది, అంతే.

హోళీ మరునాడు జరిగిందది. మంగేశ్ పెదనాయిన కొడుకు గోవింద్ చాయ్‌కి వచ్చాడు. దెగ్లూర్‌లో అతనికి ఎరువుల దుకాణం ఉంది. ఏదో ఫోన్ నంబరు రాసుకోవాలని ఫ్రిజ్ మీదున్న నోట్‌బుక్కు తీసి పేజీలు తిప్పాడు. చంద్రకళ చాయ్ పట్టుకుని వచ్చేసరికి చదువుతున్నాడు.

“ఈ వెంకవ్వ మనకు ఎరుకైనామెనే. మొగడు నా దుకాన్లనే యూరియ కొంటడు. గింత కథ నడుస్తున్నదా?” అని నవ్వాడు.

చంద్రకళ చాయ్ కింద పెట్టి నోట్‌బుక్కు లాక్కుంది. “అది చదివేటిది కాదు బావా. ఎక్కడ అనకండ్రి.”

“నేనెందుకంట?” అన్నాడు గోవింద్. నాలుగు రోజుల్లో ఆ మాట వెంకవ్వ ఊరంతా తిరిగింది. మరిది ఆమె ఫోన్ బండకేసి కొట్టాడు. బస్సెక్కనీయడం మానేశారు. సంస్థకు ఆమె రావలసిన రోజు వచ్చింది, పోయింది. వెంకవ్వ రాలేదు.

ఈ సంగతి ఆ ఊరి ఆశా వర్కర్ ఫోన్లో చెప్పినప్పుడు చంద్రకళ ఉల్లిగడ్డలు కోస్తోంది. కత్తి పక్కన పెట్టి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. మంగేశ్‌కు చెప్తే, “వాడు కావాలని చేసిండా? నీ సామాను నువ్వే దాచుకోవాలె” అన్నాడు.

ఎక్కడ దాచాలి? ఆ మాటనే ఆమె చాలా రోజులు తలుచుకుంది. ఇంట్లో తాళం పడేవి రెండే. మంగేశ్ బీరువా, అత్త ట్రంకుపెట్టె. తన వస్తువులన్నీ వంటింట్లో ఉంటాయి, వంటింటికి తలుపే లేదు. తనకంటూ దాచుకునేది ఏమీ లేనన్నాళ్లు ఆ లోటు తెలియలేదు. ఇంకో ఆడది నమ్మి చెప్పిన మాటను పెట్టడానికి జానెడు చోటు లేదని తెలిసిన రోజున మాత్రం సిగ్గనిపించింది. ఆ సిగ్గు తనదే, వెంకవ్వ ముందటా, తన మనసు ముందటా. మంగేశ్‌కు అందులో వంతు ఉండాలి గాని, అతను ఆ పూట కూడా మామూలుగానే తిని పడుకున్నాడు.

సులభాతాయికి ఉన్నదున్నట్టు చెప్పింది. తాయి వెంకవ్వ ఫైలు మూసి పక్కన పెట్టింది. ఆ తర్వాత మరాఠీలో, “ఇకమీద కాగితం ఇంటికి పోవద్దు. టైపు చేసి, తాళమున్న మెషీన్‌లోనే పెట్టాలి. నీకొకటి కొనిచ్చే స్తోమత మాత్రం సంస్థకు లేదు” అంది.

కోర్టు ఎదురుగా రఖమాబాయి టైపింగ్ దుకాణం. మొగుడు పోయాక ముప్పై ఏళ్లుగా ఆ కుర్చీలోనే కూర్చుని టైపు కొడుతోంది. బిలోలీ వైపు మనిషి, తెలుగు మాట్లాడుతుంది. చంద్రకళ ఆమెను అడిగింది, చవకలో ట్యాబ్ మంచిదా, ల్యాప్‌టాప్ మంచిదా అని.

“ముందుగాల గిది చెప్పు. నీకు కావల్సింది రాసేటిదా, చూసేటిదా?”

“రాసేటిదే.”

“రోజుకెన్ని పేజీలు?”

“పది దాక.”

“అయితే అద్దం మీద వేలుతోని కొడితే నెలకే వేళ్లు గుంజుతయ్. దానికి వేరే కీబోర్డు, పెన్ను కొంటివా, ధర ల్యాప్‌టాప్ కాడికే అస్తది. పెద్ద ఆఫీసులు వాడి తీసేసిన ల్యాప్‌టాప్‌లు బాగు చేసి అమ్ముతరు. జర బరువుంటయ్, అందం ఉండది, గని కీబోర్డు గట్టిగుంటది. ర్యామ్ ఎనిమిదికి తక్కువ వద్దు. పాత డిస్కు కాదు, ఎస్‌ఎస్‌డీ ఉన్నదే అడుగు. బ్యాటరీ నీ ముంగట నడిపి చూపెట్టమను. మరాఠీ, తెలుగు రెండు కొట్టి చూసినంకనే పైసలియ్యి.”

చంద్రకళ అవన్నీ బస్సు టికెట్టు వెనక రాసుకుంది.

ఆదివారం మంగేశ్, కూతురు స్నేహల్‌నూ వెంటబెట్టుకుని, ముగ్గురూ వజీరాబాద్ బజారులో ఒక పెద్ద దుకాణానికి వెళ్లారు. కైలాశ్ అనే సేల్స్‌మన్ మంగేశ్‌నే చూస్తూ మరాఠీలో అడిగాడు, ఎంతలో కావాలి సార్ అని.

“వాడేది నేను” అంది చంద్రకళ.

“మేడంకైతే ట్యాబే బెస్ట్ సార్” అన్నాడతను, మంగేశ్‌తోనే. “వంట చేస్తూ పక్కన పెట్టుకోవచ్చు. టేబుల్ కూడా అక్కర్లేదు.”

మంగేశ్ తలూపాడు. స్నేహల్ అప్పుడే దాని మీద వేలితో పువ్వు గీస్తోంది. చంద్రకళ ఆ నల్లటి పలకను చేతుల్లోకి తీసుకుంది. తేలికగా, అందంగానే ఉంది. టేబుల్ అక్కర్లేదు. కుర్చీ అక్కర్లేదు. గట్టు మీద, మంచం అంచున, చపాతీపీట పక్కన, ఎక్కడైనా ఇమిడిపోతుంది. అచ్చం తనలాగే. ఇది కొంటే ఇంట్లో ఏదీ పక్కకు జరగాల్సిన పని లేదు, ఎవరూ లేవాల్సిన పని లేదు. అందరికీ ఇది నచ్చడానికి కారణం అదేనని ఆమెకు ఆ దుకాణంలో, ఏసీ చల్లదనంలో, నెమ్మదిగా అర్థమైంది.

“ఇందులో నేను రాసింది ఇంకొకరు తెరవకుండా ఉంటుందా?” అని అడిగింది.

“తాళం పెట్టుకోవచ్చు మేడం. కాని ఇంట్లోవాళ్ల మధ్య తాళాలెందుకు?” అని కైలాశ్ నవ్వాడు. మంగేశ్ కూడా నవ్వాడు.

“ఇది వద్దు” అని చంద్రకళ ట్యాబ్ బల్ల మీద పెట్టింది.

“నలుగుర్ల ఇజ్జత్ తీస్తున్నవ్” అన్నాడు మంగేశ్ తెలుగులో, గొంతు తగ్గించి.

ఆటోలో స్నేహల్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. “నువ్వు నీ గురించే సోంచాయిస్తున్నవ్ అమ్మా” అంది. మొగుడి మాట కంటే అది లోతుగా దిగింది. ఆ మధ్యాహ్నమంతా చంద్రకళ మనసు అటూ ఇటూ ఊగింది. పిల్ల అడుగుతోంది, కొనిస్తే పోలేదా? నాలుగు వేళ్లతోనే టైపు కొట్టుకుందామా? ఇన్నేళ్లూ ఒప్పుకున్నవన్నీ ఇట్లాగే, పోనీలే అనుకుంటూ ఒప్పుకున్నవే. ఈసారి మాత్రం ఆ పోనీలేకి వెంకవ్వ అడ్డం వచ్చింది. తన అక్కర అయితే వదులుకునేదేమో. ఇది తన ఒక్కదానిది కాదు.

మంగళవారం సెలవు పెట్టి రఖమాబాయితో కలిసి పాత ల్యాప్‌టాప్‌లు అమ్మే చిన్న దుకాణానికి వెళ్లింది. బూడిదరంగుది, ఒక మూల గీతలు పడింది దొరికింది. బ్యాటరీ నడిపించి చూసింది. మరాఠీలో తన పేరు కొట్టింది, తెలుగులో తన పుట్టినూరి పేరు కొట్టింది. బిల్లు రాసేటాయన, “సాబ్ పేరు?” అన్నాడు.

“సాబ్ లేడు. చంద్రకళ అని రాయండ్రి.”

మంగేశ్ దాన్ని చూసి, “నన్ను అడగకుండనే?” అన్నాడు.

“అడిగిన. మీరు ట్యాబ్ అన్నరు.”

హాల్లో ఉన్న ఒక్క టేబుల్ మీద అతని పాత పేపర్లు పేరుకుని ఉన్నాయి. చంద్రకళ వాటిని కట్టగట్టి అటక మీద పెట్టింది. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక నాలుగు నుంచి ఆరు దాకా తాను ఇక్కడ కూర్చుంటానని, ఆ రెండు గంటలు చాయ్ ఎవరికి కావాలంటే వాళ్లే పెట్టుకోవాలని చెప్పింది. అరవలేదు, ఏడవలేదు. నీళ్లు వచ్చే వేళ చెప్పినట్టు చెప్పింది.

రెండో రోజు మంగేశ్ పక్కన వచ్చి నిలబడ్డాడు. “రేపు నీకేమన్నైతే ఎట్ల? పాస్‌వర్డ్ చెప్పి పెట్టు.”

“సులభాతాయికి ఎరుకే.”

“పరాయామెకు చెప్తవ్, నాకు చెప్పవా?”

“ఇది మన ఇంటి ముచ్చట కాదు. వాళ్లది. చెప్ప.”

“మొగనికాడ తాళమేందే” అని ముత్తెమ్మ గొణిగింది. మంగేశ్ నాలుగు రోజులు మాట్లాడకుండా తిన్నాడు. స్నేహల్ మొదటి రోజు గిన్నెలు చప్పుడు చేస్తూ చాయ్ పెట్టింది, మూడో రోజు చప్పుడు లేకుండా పెట్టింది. వారం తిరిగేసరికి నాలుగు గంటలకు ఆ కుర్చీ ఆమె కోసం ఖాళీగా ఉంచడం ఇంటికి అలవాటైంది. అయినా మంగేశ్ మొహం పూర్తిగా విప్పారలేదు. చంద్రకళ దాని కోసం ఎదురుచూడడం మానుకుంది.

నెలకోసారి సంస్థవాళ్లు దెగ్లూర్‌లో ఒక గది తీసుకుని కూర్చుంటారు. చంద్రకళ ఎర్రబస్సులో ల్యాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని వెళ్లింది. ఆశా వర్కర్‌తో ముందే కబురు పంపింది. మధ్యాహ్నం దాటాక, దవాఖానకని ఇంట్లో చెప్పి, ఆమె వెంట వెంకవ్వ వచ్చింది. చిక్కిపోయింది. కుర్చీ అంచున కూర్చుంది.

చంద్రకళ ముందుగా చెప్పవలసింది చెప్పింది. “వెంకవ్వా, నీ ముచ్చట బయట పడ్డది మా ఇంట్లకెల్లే. నా నోట్‌బుక్కు మావోళ్లు చదివిండ్రు. తప్పు నాది.”

వెంకవ్వ కొంగు ముడి విప్పి మళ్లీ కట్టుకుంది. “ఎవలో చెప్పిండ్రనుకున్న. నువ్వని అనుకోలే చెల్లె” అంది. తిట్టలేదు. ఆమె తిడితే బాగుండునని చంద్రకళకు అనిపించింది.

కాసేపటికి వెంకవ్వ ల్యాప్‌టాప్ వైపు చెయ్యి చూపించింది. “గీండ్ల రాస్తే ఎవ్వలకు కనవడదా?”

“కనవడదు. నేను, వకీలమ్మ. అంతే.”

“మీ ఇంటాయనకు?”

“ఆయనకు గూడ కనవడదు.”

వెంకవ్వ లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చింది. కుర్చీలో ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చుంది.

“అయితే రాయి చెల్లె. మొన్న నేను అసలుది చెప్పలే.”