ఈల పక్కన తాళంచెవి

ఆ పూట మేస్త్రికి కాలు ఒకచోట నిలవలేదు. మూడో అంతస్తుకు మెట్లెక్కాడు, దిగాడు, స్తంభానికి కట్టిన థర్మామీటరు చూశాడు. నలభై నాలుగు. పది నిమిషాల క్రితమూ అంతే. చూసినంత మాత్రాన తగ్గదని తెలుసు, అయినా చూడకుండా ఉండలేడు.

మొన్న పక్క వీధి పనిలో ఒక కూలీ ఎండకు పడిపోయి, ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. అప్పటినుంచి మేస్త్రి మెడలో ఈల వేలాడుతోంది. అరగంటకోసారి ఊదుతాడు, అందరూ పని ఆపి నీళ్లు తాగాలి. ఈల మేస్త్రి అని పేరు పెట్టి నవ్వుకున్నారు. నవ్వనీ అనుకున్నాడు. అతని బెంగంతా అక్క గురించి. తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క ఇప్పుడు అతని దగ్గరే ఇసుక మోస్తోంది.

ఈల వేశాడు. మగవాళ్లు తమ నీళ్ల క్యాను మీద ఎగబడ్డారు. ఆడవాళ్లు నలుగురూ తమ క్యాను దగ్గరికెళ్లి గ్లాసులు ఎత్తి దించారు. మధ్యాహ్నానికి మగవాళ్ల క్యాను రెండుసార్లు ఖాళీ అయింది. ఆడవాళ్లది దాదాపు నిండుగానే ఉంది.

మేస్త్రికి అది మింగుడు పడలేదు. నీళ్లు వేడెక్కాయేమోనని ఐసు తెప్పించి వేశాడు. ఉప్పూ పంచదారా కలిపాడు. తడి గోనె చుట్టాడు. రెండు గంటలకు మూత తీసి చూస్తే అలాగే ఉంది.

"ఏంటక్కా, ఇందులో విషమేమైనా కలిపానా?"

"తాగుతున్నాంలేరా. నువ్వెళ్లి నీ పని చూసుకో," అంటూ అక్క తట్ట ఎత్తుకుంది.

ఆమెకు రోజూ సాయంత్రం తలనొప్పి. రోజూ అతనే మాత్ర కొనిస్తాడు. తనంత మంచి తమ్ముడు ఎవరికుంటాడని లోలోపల మురిసిపోయేవాడు కూడా, పాపం!

మూడు కావస్తుండగా అక్క ర్యాంపు మధ్యలో ఆగిపోయింది. తట్ట జారింది. మోకాళ్ల మీద కూలబడింది. మేస్త్రి ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. ఎత్తుకొచ్చి నీడలో పడుకోబెట్టాడు. మెడ చుట్టూ తడి గుడ్డ వేసి అట్టముక్కతో విసిరాడు. కాసేపటికి ఆమె తెప్పరిల్లింది. గ్లాసు నోటికి అందిస్తే తల తిప్పేసుకుంది.

"తాగక్కా, నీకు దణ్ణం పెడతా!"

"తాగితే ఎక్కడికి పోవాలిరా?" అంది అక్క నీరసంగా. "మీకేం, గోడ చాటు చాలు. మాకు ఇల్లు చేరేదాకా దారేది? అందుకే పెదాలు తడుపుకుని ఊరుకుంటున్నాం."

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు. "ఎన్నాళ్లనుంచి?"

"నీ దగ్గర పనికొచ్చినప్పటినుంచీ."

అంటే నాలుగు వేసవులు. ఈ ఒక్క భవనంలోనే పన్నెండు బాత్రూములు కట్టించాడు. కింద ఒకటి నీళ్లతో సహా సిద్ధంగా ఉంది. ఓనరు వచ్చి చూసేదాకా ఎవరూ వాడకూడదని ఇంజనీరు దానికి తాళం వేయించాడు. తాళంచెవి పోగొట్టుకోకూడదని మేస్త్రి దాన్ని ఈల తాడుకే కట్టుకున్నాడు. ఈల ఊదిన ప్రతిసారీ అది అతని గుండెలకు తగులుతూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఇంజనీరుకు ఫోను చేశాడు. "కింద బాత్రూము తాళం తీస్తున్నా సార్, ఆడవాళ్లకి."

"ఓనరు మనిద్దర్నీ ఇంటికి పంపిస్తాడయ్యా! కొత్త టైల్సు..."

"టైల్సు నేను కడుగుతా సార్," అని ఫోను పెట్టేశాడు. రేపు పని ఉంటుందో ఊడుతుందో! అయినా తాడు మెడలోంచి తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇవాళ ఇసుక ముట్టుకోకు. ఈల నువ్వే వెయ్యి. తాళంచెవి కూడా నీ దగ్గరే ఉంచుకో."

అక్క తాళంచెవిని చూసింది, కింది తలుపు వైపు చూసింది. గ్లాసు అందుకుని గటగటా తాగేసింది. "ఇంకోటి," అంది. మిగతా ముగ్గురూ ఎవరూ పిలవకుండానే క్యాను చుట్టూ చేరారు.

అయిదు గంటలకల్లా అది ఖాళీ అయింది. మేస్త్రి దాన్ని భుజాన వేసుకుని నీళ్లకు తనే వెళ్లాడు.