చేతికి చిక్కిన జడ

కత్తెరక్కకి కోపం వస్తే కత్తెర ఆగిపోతుంది. ఆవిడని ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పొద్దస్తమానం నిలబడి, కబుర్లు చెబుతూ, నవ్విస్తూ, ఒకరి తర్వాత ఒకరికి జుట్టు కత్తిరించే మనిషి, ఒళ్ళు మండిందంటే మాత్రం కత్తెర మూసి ఏప్రాన్ జేబులో పడేసి ఊరికే చూస్తుంది. తిట్టదు, అరవదు. ఆ చూపుకి పార్లర్ ఓనరమ్మ కూడా లేచి పక్కగదిలోకి వెళ్ళిపోతుంది.

అలాంటి మనిషి కూతురు ఒక సాయంత్రం బడి నుంచి జడ లేకుండా వచ్చింది. పొద్దున్న తనే దువ్వి, అల్లి, చివర ఆకుపచ్చ రబ్బరు బ్యాండు వేసి పంపింది. నడుం దాకా ఉండే జడ. ఇప్పుడు చూస్తే మెడ మీద కుచ్చులు కుచ్చులుగా నాలుగు పరకలు మిగిలాయి. బబుల్‌గమ్ అంటుకుందట, అందుకని తనే కోసేసుకుందట. ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి పిల్ల పడ్డ పాట్లు ఎందుకు లెండి. దానికి మాట తడబడుతుంది. 'మ' అక్షరం దగ్గరకొస్తే మరీను. మంచినీళ్ళు కావాలని అడగలేక దాహంతోనే కూర్చునే రకం. "అమ్మా" అని పిలవాలన్నా ఆ 'మ్మ' దగ్గర పెదాలు అతుక్కుపోయి, కళ్ళు పెద్దవై, చివరికి చెంగు పట్టుకు లాగేది.

కత్తెరక్క పిల్లని లైటు కిందకి తిప్పి మెడ చూసింది. తన జడ తను కోసుకునేవాళ్ళు ముందుకి లాక్కుని కోసుకుంటారు. కోత ఏటవాలుగా పడుతుంది. ఇది వెనకనుంచి గుంజి, మొద్దు కత్తెరతో కొరికి కొరికి తెంపిన జుట్టు. ఒకచోట చర్మం కూడా గీసుకుపోయింది.

"ఎవరే కోసింది?" అంది. పిల్ల ఏడవలేదు. వంగి కూర్చుని షూ లేసులు విప్పుకుంటూ, విప్పేసినవే మళ్ళీ విప్పుకుంటూ ఉండిపోయింది. ఏడ్చి ఉంటే బాగుండేది.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ కూర్చోమంది, పిల్లలన్నాక ఇలాంటివి మామూలేనంది, ఎవరు చేశారో సాక్ష్యం లేకుండా ఒకరి పిల్లని ఎలా అంటామంది. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. మీ అమ్మాయి కూడా కాస్త కలుపుగోలుగా ఉంటే మంచిదని ఉచిత సలహా ఒకటి పారేసింది. కలుపుగోలట! నోరు తెరిస్తే చాలు ఎక్కిరించేవాళ్ళతో ఏం కలుస్తుంది, ఎలా కలుస్తుంది? మొగుడు బడి మార్పిద్దామన్నాడు. ఇంకో బడిలో మాత్రం దీనికి మాట తడబడదా అంది.

అప్పుడిక కత్తెరక్క సెలవు పెట్టి, బడి వదిలే వేళకి గేటు ఎదురుగా ఐస్‌క్రీమ్ బండి చాటున నిలబడింది. పిల్ల బయటికొచ్చింది. వెనకే "మే... మే..." అని అరుపులు. ఒకరు కాదు, ఓ గుంపు. వాళ్ళకి ముందు నిలబడి, టీచరు పాట పాడించినట్టు చెయ్యి ఊపుతూ అరిపిస్తోంది క్లాస్ లీడరు. పట్టుకుచ్చులా మెరిసే పెద్ద జడ. బ్యాగు జిప్పుకి ఏదో వేలాడుతోంది. కీచైనేమో అనుకుంది ముందు. కాదు. తన కూతురి జడ చివర. ఆకుపచ్చ రబ్బరు బ్యాండుతో సహా.

ఇదిగో సాక్ష్యం అని అప్పుడే లోపలికి వెళ్ళి హెడ్మిస్ట్రెస్ మొహాన కొట్టొచ్చు. కాళ్ళు అటే కదిలాయి కూడా. కానీ ఆ లీడరుని తీసుకెళ్ళడానికి కారు దిగిన నల్లకళ్ళద్దాలావిడని చూడగానే ఆగిపోయింది. ఎవరో కాదు, వాళ్ళ పార్లర్‌కి వచ్చే ఆవిడే. ఆ లీడరు జుట్టు చివర్లు సరిచేసేది కూడా తనే. మొహం గుర్తులేదు కానీ ఆ జుట్టుని ఎన్నిసార్లు దువ్వలేదు! కోపమొస్తే అందరూ అంటుంటారే, వాడి పిలక నా చేతిలో ఉందని, ఉత్తుత్తి మాటగా. కత్తెరక్క విషయంలో అది అక్షరాలా నిజమైంది. హెడ్మిస్ట్రెస్ మందలించి వదిలేస్తుంది. ఆ మందలింపు ఎవడిక్కావాలి? కత్తెరక్క ఇంటికొచ్చి, పిల్ల మెడ మీద పరకల్ని చక్కగా సరిచేసి, కొబ్బరినూనె రాసి, నోరు మూసుకుని ఎదురుచూసింది.

వచ్చారు లీడరూ, వాళ్ళమ్మా. రాకేం చేస్తారు. ఆదివారం పాటల పోటీ ఉందట, చివర్లు ఒక్క అంగుళం తీసి, స్టేజీ మీద మెరిసేలా చెయ్యమని చెప్పి నల్లకళ్ళద్దాలావిడ చెప్పులు మార్చుకోవడానికి పక్క షాపుకి వెళ్ళింది. ఓనరమ్మ టీ తాగడానికి పోయింది. బడి అయ్యాక వచ్చి వెనకగదిలో తువ్వాళ్ళ మధ్య హోంవర్క్ చేసుకుంటున్న కూతురిని, బన్ను కొనుక్కు తినిరా పో అని దొడ్డిదారిన బేకరీకి పంపేసింది కత్తెరక్క. పార్లర్‌లో ఇక తనూ, లీడరూ ఇద్దరే.

లీడరు మెడ చుట్టూ గుడ్డ కట్టింది. జుట్టు విప్పి, నీళ్ళు చల్లి, నెమ్మదిగా దువ్వింది. పాట ఏదని అడిగింది. లీడరు గర్వంగా చెప్పింది. కాళ్ళ దగ్గర బ్యాగుకి ఆ జడ ముక్క ఇంకా వేలాడుతూనే ఉంది, దుమ్ము కొట్టుకుపోయి.

"ఇదేంటమ్మా, భలే ఉంది?"

"మా క్లాసులో ఒక మేక ఉంది ఆంటీ. దాని తోక."

"మేకా? ఎలా అరుస్తుందేం?"

లీడరు అద్దంలో తనని తను చూసుకుంటూ పెదాలు బిగించి, కళ్ళు పెద్దవి చేసి, "మ్... మ్... మే..." అంది. అచ్చం దించేసింది. ఆ పెదాలు అతుక్కుపోవడం, ఆ కళ్ళు, అంతా. కత్తెరక్క దువ్విన జుట్టంతా కూడదీసి పిడికిట్లో పట్టుకుని, ఒక చుట్టు చుట్టి, తల వెనక్కి వచ్చేదాకా లాగింది.

"ఆ మేక తల్లిని నేనే. ఇప్పుడు నువ్వు మేకలా అరవ్వే."

లీడరు మొహంలో రంగు పోయింది. కుర్చీలోంచి లేవబోయింది, లేస్తే జుట్టు ఊరుకుంటుందా? కత్తెర మెడ దగ్గర తెరుచుకున్న చప్పుడు వినబడింది. అమ్మ వస్తుంది అని గొణిగింది. రానీ, వచ్చేలోపు జడ నా చేతిలో ఉంటుంది, ఆదివారం బోడితలతో పాడుదువుగాని అంది కత్తెరక్క, చివర్లు ఎంత తియ్యమంటావు అని అడిగినంత మామూలుగా.

లీడరు అరిచింది. సన్నగా ఒకసారి. ఇంకా గట్టిగా అరవమంది కత్తెరక్క. గట్టిగా అరిచింది. చాలనేదాకా ఆపొద్దంది. ముక్కు కారుతుంటే, కన్నీళ్ళు గుడ్డ మీద పడుతుంటే, పాటల పోటీ గొంతు మేకలా అరుస్తూనే ఉంది. అబ్బా, ఆ చల్లదనం! ఎన్నాళ్ళుగానో గుండెలో రగులుతున్నది ఒక్కో అరుపుకీ కొంచెం కొంచెంగా ఆరింది. తప్పని తెలుసు. పసిదాని మీద పెద్దదాని ప్రతాపమేంటని ఇంకెవరైనా చేస్తే తనే ఉతికి ఆరేసేది. తెలిసే చేసింది, తృప్తిగా చేసింది.

అంతటితో ఆగలేదు. మెడ మీద, పైజుట్టు కిందుగా వేలెడు లావు పాయ తీసి, మొదలంటా కోసి లీడరు కళ్ళ ముందు ఆడించింది.

"పైకి కనబడదు. మీ అమ్మకీ కనబడదు. నీకూ నాకూ తెలుసు, అంతే. మీ అమ్మ నిన్ను ఎప్పుడూ ఇక్కడికే తెస్తుంది, గుర్తుపెట్టుకో."

లీడరు తల ఊపింది. అప్పుడు వెనకనుంచి వినబడింది.

"మళ్ళీ అరవమనమ్మా."

అద్దంలో చూసింది కత్తెరక్క. తువ్వాళ్ళ గది గుమ్మంలో కూతురు, చేతిలో సగం తిన్న బన్ను. ఎప్పుడొచ్చిందో, ఎంత చూసిందో. ముందు తల్లి గుండె ఎగిరి గంతేసింది. 'మళ్ళీ' అంది! 'అమ్మా' అంది! అన్ని 'మ'లు ఉన్న మాట, నూనె రాసిన జుట్టులోంచి దువ్వెన జారినట్టు జారింది. ఎంతమంది డాక్టర్ల చుట్టూ తిరిగినా రాని మాట. ఆ తర్వాత చూసింది దాని మొహం. కోపం లేదు, ఏడుపు లేదు. ఊరికే చూస్తోంది. ఆ చూపు ఎక్కడిదో తెలియడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు. తనదే.

పిడికిలి వదిలేసింది. ఇక చాలమ్మా, నువ్వు లోపలికెళ్ళు అంది కూతురితో. పిల్ల కదల్లేదు. లీడరు ఎవరూ అడగకుండానే మళ్ళీ అరిచింది, పిల్లని అద్దంలో చూస్తూ. కత్తెరక్క గబగబా బ్యాగుకున్న తోకని తెంపి జేబులో వేసుకుని, చివర్లు తీసి, జడ అల్లి, లీడరు మొహం తడిగుడ్డతో తుడిచింది. ఎవరి మొహం తుడుస్తోందో చేతికి తెలియలేదు, తన పిల్ల మొహం తుడిచినట్టే తుడిచింది.

నల్లకళ్ళద్దాలావిడ వచ్చి జడ అటూ ఇటూ తిప్పి చూసి మురిసిపోయింది. ఇంట్లో దీని పొగరు పట్టలేం, నీ కుర్చీలో మాత్రం పిల్లిలా కూర్చుంటుంది, ఏం మంత్రం వేస్తావో అని నవ్వింది. వాళ్ళు వెళ్ళాక నేలంతా ఊడ్చి, కోసిన పాయతో సహా అంతా చెత్తబుట్టలో పోసింది.

సోమవారం పిల్లని తనే బడికి దింపింది. గేటు దగ్గర గుంపు కనబడింది. ఎవరూ మే అనలేదు. లీడరు గోడవైపు తిరిగి నిలబడింది. తల్లి ఊపిరి పీల్చుకుంది. పిల్ల తల పైకెత్తి నడిచి వెళుతోంది, తల్లి ఎన్నాళ్ళుగానో చూడాలనుకున్న నడక. అప్పుడు కనబడింది, బ్యాగు జిప్పుకి వేలాడుతూ, ఆకుపచ్చ రబ్బరు బ్యాండు వేసి, పట్టుకుచ్చులా మెరుస్తూ, తను చెత్తబుట్టలో పోసిన వేలెడు లావు పాయ.

పరిగెత్తుకెళ్ళి బ్యాగు పట్టుకుంది. ముందది తీసెయ్యవే, అలా చేయడం తప్పమ్మా, చాలా తప్పు అంది. పిల్ల ఆగి, తల్లి మొహంలోకి తేరిపారా చూసింది.

"మరి నువ్వేగా కోసింది?" అంది.

ఎక్కడా తడబడలేదు. బ్యాగు సర్దుకుని, లీడరు నిలబడ్డ గోడవైపే నడిచింది.