ఐదింటిలోపు నాలుగు పాటలు

సమ్మక్కకు గొంతు ఆపరేషనై ఏడాది దాటింది. అప్పటినుంచి మాట రాదు. ఒకప్పుడు ఏ ఊళ్లో నాట్లు పడ్డా పాట ఎత్తుకునేది ఆమే. పదేళ్ల కింద ఒక కంపెనీ ఆమె పాటలు నాలుగు రికార్డు చేసి తన యాప్‌లో పెట్టింది. కూతురు రాణి ఆ నాలుగూ కొని ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకుంది. కొన్నం గదా, ఇంక మనయే అనుకుంది.

ఆ పొద్దున మెసేజ్ వచ్చింది. సాయంత్రం ఐదింటికి యాప్ మూసేస్తున్నారట. ఆ తర్వాత డౌన్‌లోడ్ చేసుకున్నవి కూడా మోగవట. రాణి ఫైళ్లను ఆఫీసు కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూసింది. ఒక్కటీ తెరుచుకోలేదు. కంపెనీకి ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు. తల్లిని వెంటబెట్టుకుని నాంపల్లిలో మెట్రో దిగి, అబిడ్స్‌లో ఆడియో రిపేర్లు చేసే జ్ఞానశేఖర్ దుకాణానికి చేరేసరికి నాలుగున్నర.

"ఫైళ్లకు కంపెనీ ఏసిన తాళం నేను తియ్యలేనమ్మా," అన్నాడాయన. "పాట మోగుతుంటే వైరు పెట్టి రికార్డు చేస్తా. పాట ఎంతసేపుంటే అంతసేపు పడ్తది."

"ఒక్కోటి ఆరు నిమిషాలు సార్."

"అయితే కూసోండి. నెట్ మాత్రం బంద్ చెయ్యకు. చేస్తే యాప్ పాడనియ్యదు."

మొదటి పాట బాగానే ఎక్కింది. రెండోది సగంలో ఉండగా ఫోన్ మోగింది. అన్న రాజేందర్. రింగు పాటలో పడిపోయింది.

"ఇప్పుడే చెయ్యాల్నా అన్నా!" రాణి గట్టిగా అరిచి పెట్టేసింది. మళ్లీ మొదటినుంచి. పాట అయిపోగానే నెట్ ఆగి, తెర మీద చక్రం గిరగిరా తిరిగింది. అది తేరుకునేసరికి ఐదుకు ఇంకా ఏడు నిమిషాలే ఉంది.

"ఒక్కదానికే టైముంది," అన్నాడు జ్ఞానశేఖర్. "ఏది పెట్టాలె?"

మిగిలినవి జోలపాట, నాట్లేస్తూ పాడే నాటు పాట. జోలపాట చిన్నప్పుడు రాణిని పడుకోబెడుతూ తల్లి పాడినదే. రాణి వేలు దాని మీదికే పోయింది. సమ్మక్క ఆ చెయ్యి పట్టుకుని నాటు పాట మీదికి జరిపింది. పెదవులు కదిపింది. 'చెల్లె' అని.

అప్పుడు గుర్తొచ్చింది రాణికి. ఆ పాటలో వంత పాడింది చిన్నమ్మ ఎల్లవ్వ. పోయి మూడేళ్లు. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

ఆరు నిమిషాలు ముగ్గురూ కదల్లేదు. పాట ముగిసింది. రాణి గబగబా జోలపాట నొక్కింది. రెండు చరణాలైనా కాలేదు, తెర తెల్లబడిపోయింది. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

జ్ఞానశేఖర్ పాటలను రెండు పెన్‌డ్రైవ్‌లలోకి, ఆమె ఫోన్‌లోకి ఎక్కించాడు. "ఇవి వినాలంటే ఎవ్వరినీ అడిగే పన్లేదు. నలుగురికీ ఇయ్యమ్మా. ఒకరి దగ్గర పోయినా ఇంకొకరి దగ్గర ఉంటది."

రాణి అక్కడే నిలబడి నాటు పాటను ఎల్లవ్వ కొడుకు బాలరాజుకు పంపింది. నాంపల్లి స్టేషన్ మెట్లెక్కుతుండగా అతని ఫోన్ వచ్చింది.

"అక్కా... గిది మా అమ్మ," అన్నాడు. ఆపైన ఏడుపందుకున్నాడు.

రాణి ఫోన్‌ను తల్లి చెవికి ఆనించింది. సమ్మక్క జనం మధ్య మెట్ల మీదే ఆగిపోయి, అతని ఏడుపు ఆగేదాకా వింటూ నిలబడింది.