తొమ్మిదో పేజీ

సిరిసిల్లలో మరమగ్గాల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన రాజానికి రెండే రెండు నమ్మకాలు. ఒకటి తన మగ్గం, రెండోది పొద్దున్నే గడప ముందు పడే పేపరు. అచ్చులో ఉంటే జరిగినట్టు, లేకుంటే లేనట్టు. ఫోన్లో వచ్చేది ఏ పేపరు పేరుతో వచ్చినా సరే, ఎవరో పనిలేక పుట్టించిందే. ఈ విషయంలో ఆయనతో వాదించి గెలిచినవాళ్లు వాడకట్టులో లేరు. భార్య బాలలక్ష్మి ఎప్పుడో చేతులెత్తేసింది.

అట్లాంటి మనిషి ఫోనుకు మంగళవారం పొద్దున ఒక ఫొటో వచ్చింది. పంపింది అన్న కోడలు మమతారాణి. రాజం రోజూ చదివే పేపరే, ఆ రోజు తేదీనే, తొమ్మిదో పేజీ. మంచిర్యాల దగ్గరి సొంతూళ్లో రెండెకరాల పొలాన్ని అన్న బుచ్చిరాములు అమ్ముతున్నాడట. ఎవరికైనా అభ్యంతరముంటే ఏడు రోజుల్లోగా చెప్పాలని, లేదంటే రిజిస్ట్రేషన్ చేయించుకుంటామని కొనేవాళ్ల వకీలు వేయించిన ప్రకటన అది. దాని కిందున్న వాయిస్ మెసేజ్ నొక్కితే మమత గొంతు వినిపించింది. “చిన్నమామా, గిది జర చూడు. నేను చెప్పిన్నని ఎవ్వలకు చెప్పకు.”

ఆ పొలంలో సగం రాజానిది. బాపు పోయినప్పుడు పెద్దమనుషుల ముందు అనుకున్న మాట. పాసుబుక్కు మాత్రం అన్న పేరు మీదే ఉంది. నడుము పట్టేసి మగ్గం ముందు నిలబడలేని రోజున పోయి ఆ ఎకరం చేసుకు బతకాలని ఆయన ఆశ. అంతకు మించి ఆసరా లేదు.

వెంటనే తన పేపరు తీసి తొమ్మిదో పేజీ విప్పాడు. నల్లా నీళ్ల గొడవ, ఓ బడి వార్షికోత్సవం, ఎవరిదో సంతాప ప్రకటన. పొలం ఊసే లేదు. వేలు పెట్టి మూడుసార్లు వెతికాడు.

“చూసినవా? అచ్చుల లేదు. దొంగది,” అన్నాడు.

“గంత పనిగట్టుకొని ఆమె ఎందుకు పుట్టిస్తది?” అంది బాలలక్ష్మి.

“అన్నదమ్ములకు కొట్లాట పెట్టేటందుకు. మొగడు దుబాయిల, ఈమె చేతుల ఫోను. సొంత మామ పొలం అమ్ముకుంటె కోడలు మనకెందుకు చెప్తది? పైంగ ఎవ్వలకు చెప్పకు అంటున్నది. మంచి మాటైతే దాచిపెట్టుడెందుకు?”

ఒకసారి అనుమానం పట్టుకున్నాక ఆయనకు ఆ ఫొటోలో అక్షరాలు కూడా వంకరగానే కనిపించాయి. సాయంత్రం దాకా ఆగలేక అన్నకు ఫోన్ చేశాడు.

“అన్నా, నీ కోడలు ఫోన్ల దొంగ పేపర్లు తయారుచేస్తున్నది. పొలం అమ్ముతున్నవని నాకు పంపింది. జర చూసుకో.”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “ఔనా? మంచిగ చెప్పినవ్ తమ్మీ,” అన్నాడు బుచ్చిరాములు. ఆ కాసేపటి మౌనాన్ని రాజం అనుమానించి ఉండాల్సింది. కానీ ఆయన దగ్గరున్న అనుమానమంతా ఫోను మీదే ఖర్చయిపోయింది.

ఆరు రోజులు గడిచాయి. సోమవారం సాయంత్రం పక్కింటి గంగుబాయి జగిత్యాల దిక్కు కొండగట్టు పోయొచ్చి, కొబ్బరిముక్కల ప్రసాదం పొట్లం ఇచ్చింది. అచ్చుకాగితం చేతిలో పడితే చదవకుండా పారేయడం రాజానికి చేతకాదు. మడతలు విప్పి చూశాడు. తను రోజూ చదివే పేపరే. పోయిన మంగళవారానిదే. తొమ్మిదో పేజీయే. కానీ నల్లా నీళ్ల గొడవ లేదు, బడి లేదు. పైన జగిత్యాల అని ఉంది, కిందంతా ఆ జిల్లా వార్తలే.

“ఒక్క పేపరే గదా, గిదేంది గిట్లున్నది?” అన్నాడు.

“ఏ జిల్లాకు గా జిల్లా పేజీ వేరే ఉంటది గదనే అన్నా. గది గూడ తెల్వదా?” అని నవ్వింది గంగుబాయి.

ముప్పై ఏళ్లుగా చదువుతున్నాడు గానీ ఊరు దాటి పేపరు చదివిన రోజు లేదు పాపం. అంటే మమత పంపింది మంచిర్యాల పేజీ అన్నమాట. రేపే ఆఖరు రోజని గుర్తొచ్చింది.

తెల్లారి మొదటి బస్సుకే మంచిర్యాల పోయాడు. అక్కడ కూడా ముందు వెతికింది వకీలును కాదు, పాత పేపరును. బస్టాండు పక్క హోటల్లో ఓ కట్టలో దొరికింది. అన్న పేరు, సర్వే నంబరు, మమత పంపింది పంపినట్టే ఉంది. అప్పుడు గానీ కాళ్లు వకీలు ఇంటి దారి పట్టలేదు. అభ్యంతరం రాసిచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకున్నాడు.

“టైముకు వచ్చినవ్ పెద్దమనిషీ. ఇగ మావోళ్లు కొనరు,” అన్నాడు వకీలు.

మెట్లు దిగుతూనే మమతకు ఫోన్ కలిపాడు. తప్పయిందని చెప్పాలి, ఎట్లా చెప్పాలో తెలియడం లేదు.

“బిడ్డా, నువ్వు పంపింది నిజమే. నేనే...”

“ఫోను నా తాన్నే ఉన్నది,” అంది అన్న గొంతు. “ఆనాడే గుంజుకున్న. కోడల్ని తల్లిగారింటికి తోలిన. కొడుక్కు గూడ చెప్పిన, నీ పెండ్లాం ఇంట్ల దొంగ పనులు చేస్తున్నదని. ముందుగాల నమ్మలే. ‘చిన్నబాపే చెప్పిండు’ అన్నంక నమ్మిండు.”

రాజం నోరు తెరిచేలోగా ఫోన్ పెట్టేశాడు. దుబాయిలో ఉన్న పిల్లవాడికి ఇప్పుడే నిజం చెప్పేయాలని తన ఫోనంతా వెతికాడు. వాడి నంబరు ఆయన ఎన్నడూ అడిగి తీసుకోలేదు. అది మమత ఫోన్లోనే ఉంది.